జిగురు మూత తీయకముందే: పెద్ద రెజిన్ అంతరిక్ష నౌకను కట్టే పద్ధతి

నా మొదటి రెజిన్ నౌక ఇప్పుడు లేదు. రెజిన్ అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం, దాని ముక్కలు అతికించి కట్టిన అంతరిక్ష నౌక నమూనా అది. రెండేళ్లు బీరువా మీద దర్జాగా నిలబడి, మూడో ఏడు మే నెలలో మెల్లగా ముక్కు వంచసాగింది. హైదరాబాదులో పై అంతస్తు ఇల్లు, నెత్తిన శ్లాబు, బయట 42 డిగ్రీలు. నేను చూసుకునేసరికే ముందు భాగం రెండు వేళ్ల మందాన కిందికి దిగింది. ఒక మధ్యాహ్నం అతుకు దగ్గర టక్కుమని విరిగి నేలకు రాలింది. లోపల కడ్డీ వేయలేదు, ఉత్త జిగురు మీద నిలబెట్టాను. రంగులకు మాత్రం మూడు నెలలు పెట్టాను!

అందుకని ఇందులో రంగుల ముచ్చట తక్కువ, కడ్డీల ముచ్చట, వైర్ల ముచ్చట ఎక్కువ. చిన్న ప్లాస్టిక్ కిట్టయితే, అంటే విడి ముక్కలుగా పెట్టెలో వచ్చే నమూనా అయితే, కాగితంలో ఉన్న వరస ప్రకారం అతికించుకుంటూ పోతే సరిపోతుంది. పెద్ద రెజిన్ కిట్టుకు అలా కుదరదు. నౌక దేని మీద నిలబడుతుంది, బరువు ఎక్కడ పడుతుంది, దీపాల వైరు ఎటునుంచి బయటికొస్తుంది అనే మూడు సంగతులూ మొదటి జిగురు చుక్క పడకముందే తేలాలి. ఆ తర్వాత లోపలికి వేలు కూడా పట్టదు.

లెక్కలు చెప్పడానికి వీలుగా 1/350 స్కేలులో 70 సెంటీమీటర్ల నౌకను అనుకుందాం. అసలు నౌక 245 మీటర్లు ఉంటుందన్నమాట. ముక్కు, నడుము, ఇంజన్ల భాగం కలిపి మూడు పెద్ద ముక్కలు, బోలుగా ఉన్న ఒళ్లు, దాని మీద అతికించడానికి సంచుల నిండా చిన్న ముక్కలు. మొత్తం బరువు రెండున్నర కిలోలు.

పెట్టె విప్పగానే

ముందు ముక్కలన్నీ దుప్పటి మీద పరిచి, కాగితంతో సరిపోల్చి ఒక ఫోటో తీయండి. ఏదైనా లోపిస్తే అమ్మినవాళ్లను అడగాల్సింది ఈ రోజే, ఆరు నెలల తర్వాత కాదు.

రెజిన్ కిట్టు ఫ్యాక్టరీలో ఉక్కు అచ్చుల్లోంచి లక్షల్లో రాలే వస్తువు కాదు. పాలీయురిథేన్ ద్రవాలు రెండూ కలిపి సిలికోన్ రబ్బరు అచ్చులో పోస్తారు, నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ రబ్బరు అచ్చు కొన్ని పదుల పోతలకే అరిగిపోతుంది. అందుకే ధర ఎక్కువ, అందుకే లోపాలూ ఎక్కువ. గాలి బుడగలు, అంచుల్లో పలుచని పొరలు, రెజిన్ పోసిన చోట మిగిలిన దిమ్మలు, వంకర్లు ఎంతోకొంత ప్రతి కిట్టులోనూ ఉంటాయి. నిరాశ పడకండి, సగం పని వాటిని సరిచేయడమే.

అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన నూనెలాంటి పదార్థం ముక్కల మీద మిగిలే ఉంటుంది. అది కడగకుండా రంగు వేస్తే తర్వాత మాస్కింగ్ టేపుతో పాటు రంగు కూడా అప్పడంలా లేచి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి, పాత టూత్‌బ్రష్షుతో ప్రతి సందూ రుద్దండి. చిన్న ముక్కలను టీ వడకట్టే జల్లెడలో వేసి కడగండి. సింకు తూములోకి పోయిన ఒక యాంటెన్నా కోసం నేను గొట్టం విప్పాల్సి వచ్చింది. ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి, ఎండలో పెట్టొద్దు. కారణం కింద చెబుతాను.

కోత, దుమ్ము, వంకర్లు

పోత దిమ్మలను సన్నపళ్ల రంపంతో కోయండి. హాక్సా బ్లేడు ముక్క చేత్తో పట్టుకున్నా పని జరుగుతుంది. గీతకు ఆనించి కోయొద్దు, ఒక మిల్లీమీటరు వదిలేసి మిగిలింది ఆకురాయితో దించండి. తర్వాత వాటర్ పేపర్. పెయింట్ షాపులో 220, 400, 800 నంబర్లు అడగండి. పేరులోనే ఉంది, నీళ్లతోనే రుద్దాలి. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నగా ఉంటుంది. పక్కన గిన్నెలో నీళ్లు, ముఖానికి ఎన్95 మాస్కు, నెత్తిన ఫ్యాను ఆపేసి ఉండాలి. పని అయ్యాక చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. పిల్లలు తిరిగే ఇల్లయితే ఇది సరదాకు చెప్పే మాట కాదు.

వంగిన ముక్కలకు వేడినీళ్లే మందు. రెజిన్ 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మరగనక్కర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు. ముక్కను రెండు మూడు నిమిషాలు ముంచి తీసి, వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టి అరచేత్తో అదిమి పట్టుకోండి, చేతికి గ్లవుజు ఉండాలి. అలా అదిమిపట్టే చన్నీళ్లు పోయండి. ఒక్కసారికి లొంగకపోతే మళ్లీ ముంచండి, బలవంతంగా వంచితే పుటుక్కుమంటుంది. వేడికి ఇంత త్వరగా లొంగే పదార్థం ఎండలోనూ లొంగుతుంది. కిటికీ పక్కనా, కారు డిక్కీలోనూ పెట్టొద్దనేది ఇందుకే. నా నౌక వంగిందీ ఇందుకే.

వెన్నెముక

ఇక అసలు పని. పెద్ద ముక్కలు మూడింటినీ జిగురు లేకుండా దగ్గరికి చేర్చి, చుట్టూ మాస్కింగ్ టేపు గట్టిగా చుట్టండి. చిన్న ముక్కలున్న సంచులను కూడా అవి వచ్చే చోట టేపుతో అతికించండి, బరువు లెక్కలోకి రావాలి కదా. ఇప్పుడు అప్పడాల కర్ర తెచ్చి బల్ల మీద పెట్టి, దాని మీద నౌకను అడ్డంగా నిలబెట్టండి. ముందుకూ వెనక్కూ జరుపుతూ పోతే ఒకచోట తక్కెడలా నిలుస్తుంది. అదే బరువు కేంద్రం. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. నౌక బొమ్మ చూసి మనం అనుకునే నడుము దగ్గర అది ఎప్పుడూ ఉండదు. ఇంజన్లు గట్టి దిమ్మలుగా పోసి ఉంటారు కాబట్టి బాగా వెనక్కి జరుగుతుంది. మా అమ్మ కర్ర కోసం వంటింట్లోంచి మూడుసార్లు కేకేసింది, అప్పటికి గానీ నాకు గీత తేలలేదు.

స్టాండు గొట్టం ఆ గీత మీదే రావాలి. రెండున్నర కిలోలకు 10 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం బాగుంటుంది. బోలుగా ఉంటుంది కాబట్టి వైరు అందులోంచే దిగుతుంది. పై కొనకు మర వేయించి, దానికి సరిపడే నట్టును నౌక లోపల పాతిపెట్టాలి. మర నేను బాలానగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో వేయించాను. ఆయన నా గీతల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఏ బండికి పడుతదన్నా?” అన్నాడు. బండి పేరు చెప్పలేక నవ్వేసి డబ్బులిచ్చి వచ్చాను.

నట్టును ఉత్తగా రెజిన్‌కు అతికిస్తే తిప్పేటప్పుడు ఊడిపోతుంది. నట్టు చుట్టూ ఆకురాయితో నాలుగు గాట్లు పెట్టి, ఒళ్లు లోపలి గోడను కూడా గరుకు చేసి, చుట్టూ ఎం-సీల్ ముద్ద దట్టంగా కట్టండి. ముద్ద గట్టిపడే వరకు గొట్టాన్ని నట్టులోనే బిగించి నిటారుగా నిలపాలి. గొట్టం మరకు ముందే కాస్త వేజలిన్ రాయండి, లేకపోతే ఇక జన్మలో ఊడిరాదు. రెండు పక్కల నుంచీ చూసి, గొట్టం నిలువు గోడకు సమాంతరంగా ఉందో లేదో కంటితో సరిచూసి రాత్రంతా వదిలేయండి. ఇక్కడ ఒక డిగ్రీ తేడా వస్తే 70 సెంటీమీటర్ల నౌక ముక్కుకూ తోకకూ మధ్య సెంటీమీటరు పైగా ఎత్తు తేడా కనబడుతుంది.

ముక్కలను కలిపే కడ్డీ సంగతి. ముక్కు నుంచి ఇంజన్ల దాకా ఒళ్లు లోపల 8 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం ఒకటి వెన్నెముకలా పోవాలి. ప్రతి ముక్క చివరి గోడకూ బెజ్జం కొట్టి గొట్టాన్ని దూర్చండి. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి. వేగం పెరిగితే రెజిన్ కరిగి బిట్టుకు బంకలా చుట్టుకుంటుంది. గొట్టానికి చోటులేని చిన్న భాగాలకు 2 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ముక్కలు వేయండి. రెండు వైపులా బెజ్జాలు ఎదురెదురుగా పడడానికి ఒక చిట్కా: ఒక వైపు బెజ్జం కొట్టి దాని అంచున ఎర్ర రంగు చుక్క పెట్టి, రెండో ముక్కను దానికి ఆనించి తీయండి. రంగు అంటిన చోటే రెండో బెజ్జం.

దీపాలు

దీపాలు వద్దనుకుంటే ఈ భాగం దాటేయండి. కానీ ఇంత పెద్ద నౌక కట్టి కిటికీలు చీకట్లో వదిలేయడం, ఇల్లు కట్టి కరెంటు పెట్టించుకోకపోవడం లాంటిదని నా అభిప్రాయం.

వైరు ఎటునుంచి తీయాలన్న చిక్కు మనకొక్కరికే కాదు. స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ కోసం 1964లో కట్టిన ఎంటర్‌ప్రైజ్ అనే నౌక నమూనా 11 అడుగుల పొడవు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వైమానిక అంతరిక్ష మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. తర్వాత దానికి దీపాలు పెట్టినప్పుడు వైర్లు ఎడమ పక్క నుంచి లాగారు. దాంతో ఆ పక్క పనితనం సగంలో ఆగిపోయింది, కెమెరా కుడి పక్కకే పరిమితమైంది. సినిమావాళ్లకు అది చెల్లింది. మన నౌకను చుట్టాలు నాలుగు వైపుల నుంచీ చూస్తారు కాబట్టి వైరు స్టాండు గొట్టంలోంచే దిగాలి.

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో తెల్ల ఎల్ఈడీలు, రెసిస్టర్లు, సన్న వైరు, సన్న డ్రిల్ బిట్లు అన్నీ దొరుకుతాయి. ఊళ్లలో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. లెక్క ఇలా: 12 వోల్టుల అడాప్టర్ తీసుకోండి. తెల్ల ఎల్ఈడీ ఒక్కోటి సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుంది. మూడింటిని ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపితే 9.6. మిగిలిన 2.4 వోల్టులను రెసిస్టర్ మింగాలి. 150 ఓమ్ రెసిస్టర్ పెడితే 16 మిల్లీఆంపియర్లు పారుతుంది, 20 దాటకూడదు కాబట్టి ఇది క్షేమం. ఇలాంటి వరసలు పది, అంటే ముప్పై దీపాలు పెట్టినా మొత్తం 160 మిల్లీఆంపియర్లే. ఒక ఆంపియర్ అడాప్టర్ ధారాళంగా సరిపోతుంది. నిజానికి ఇంకా మసకగా ఉంటేనే అందం. 270 ఓమ్ పెట్టి చూడండి, కిటికీలు ట్యూబ్‌లైట్లలా కాకుండా దూరాన ఊళ్లో దీపాల్లా కనబడతాయి.

కిటికీలన్నిటి వెనకా ఎల్ఈడీ పెట్టలేం. అక్కడ ఆప్టికల్ ఫైబర్ కావాలి, అంటే వెలుతురును ఒక కొస నుంచి ఇంకో కొసకు మోసే సన్న దారం, మందం 0.5 లేదా 0.75 మిల్లీమీటర్లు. స్కేలు లెక్క మరిచిపోవద్దు. మన 1/350లో 0.75 మిల్లీమీటర్లంటే అసలు నౌకలో 26 సెంటీమీటర్ల కిటికీ. రెండు మిల్లీమీటర్ల బెజ్జం కొడితే 70 సెంటీమీటర్ల కిటికీ అవుతుంది, వాటిని వందల్లో పెడితే నౌక కాస్తా డబుల్ డెక్కర్ బస్సులా చిన్నదైపోతుంది. కిటికీ ఎంత చిన్నదైతే నౌక అంత పెద్దదిగా కనబడుతుంది.

బెజ్జాలకు చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు వాడండి. 0.5 బిట్లు పుల్లల్లా విరుగుతాయి, ఒకటి అడగబోయి పది కొనండి. అన్ని కిటికీలూ వెలగకూడదు. ఒక వరసలో ఐదారు వెలిగితే రెండు మూడు చీకటిగా ఉండాలి, ఎవరో పడుకున్నారనిపించాలి. ఫైబర్‌ను లోపలి నుంచి దూర్చి, బయటికి ఒక సెంటీమీటరు వదిలి, లోపల ఫెవికాల్ చుక్కతో నిలపండి. ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు తగిలితే ఫైబర్ పెళుసైపోయి, వంగిన చోట తుంచినట్టు తెగుతుంది. లోపలి కొసలన్నీ చీపురుకట్టలా ఒకచోటికి చేర్చి టేపు చుట్టి, ఆ కట్ట ఎదురుగా ఒక ఎల్ఈడీ నిలబెట్టండి. ఫైబర్ కట్టను వేడి గాలితో బిగుసుకునే స్లీవులో పెట్టకండి, కరుగుతుంది.

ఇవన్నీ చేసేముందే ఒళ్లు లోపలి గోడలకు నల్ల రంగు రెండు పూతలు, దాని మీద వెండి రంగో తెలుపో ఒక పూత పడాలి. నలుపు వెలుతురును బయటికి పోనివ్వదు, తెలుపు దాన్ని లోపల తిప్పుతుంది. ఇది మానేస్తే పలుచగా పోసిన చోటల్లా రెజిన్ లాంతరు చిమ్నీలా వెలుగుతుంది, ఎంత ఖరీదైన పై రంగు వేసినా దాగదు. నౌక మూసేముందు దీపాలను ఒక రాత్రంతా వెలిగించి ఉంచండి. పొద్దున లేచి గదిలో లైటు ఆర్పి చూడండి. ఆరిపోయే దీపం, వేడెక్కే వైరు, వదులైన టంకం ఆ రాత్రే బయటపడాలి.

అతకడం, పూడ్చడం

ప్లాస్టిక్ కిట్ల జిగురు రెజిన్ మీద పని చేయదు. అది ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, రెజిన్ దానికి కరగదు. బరువు మోసే పెద్ద అతుకులన్నిటికీ అరల్డైట్ లాంటి రెండు గొట్టాల ఎపాక్సీ వాడండి. నెమ్మదిగా గట్టిపడేదే మంచిది, సరిచేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. తక్షణ జిగురును చిన్న ముక్కలకు ఉంచుకోండి. అది లాగితే ఊడదు గానీ పక్క నుంచి తగిలే దెబ్బకు టప్పున వదిలేస్తుంది. మూడు ముక్కలూ ఒకేసారి కలపొద్దు. నడుముకు ఇంజన్లు కలిపి, రాత్రంతా ఆరాక మర్నాడు ముక్కు కలపండి.

అతుకు దగ్గర సందులు మిగులుతాయి. పెద్ద సందుకు ఎం-సీల్ నింపి తడి వేలితో నున్నగా దిద్దండి. మధ్యరకం గుంటలకు కారు డెంటింగ్ షాపుల్లో వాడే రెండు భాగాల బాడీ ఫిల్లర్. గుండుసూది బెజ్జాలకు అక్కడే దొరికే ఎన్‌సీ పుట్టీ, పలుచగా రెండు మూడుసార్లు. ఒకేసారి మందంగా పెడితే ఆరాక కుంగి బీట వేస్తుంది. తక్షణ జిగురులో వంటసోడా చల్లి పూడ్చే పద్ధతి కూడా ఉంది, క్షణంలో రాయవుతుంది. దాన్ని ఐదు పది నిమిషాల్లోనే రుద్దేయాలి. మర్నాటికి అది రెజిన్ కంటే గట్టిపడి, మీరు రుద్దేకొద్దీ చుట్టూ ఉన్న రెజిన్ అరిగిపోతుంది, అది మాత్రం దిబ్బలా మిగులుతుంది.

అన్నీ అయ్యాయనుకున్నాక, రంగుకు ముందు వేసే ప్రైమర్, బూడిద రంగుది, ఒక పలుచని పూత. టార్చిలైటు పక్క నుంచి వేసి చూడండి. అప్పటిదాకా కనబడని బెజ్జాలు ముఖాన మశూచి మచ్చల్లా లేస్తాయి. ఇక్కడే చాలామంది విసుగుపడతారు. పూడ్చడం, రుద్దడం, మళ్లీ ప్రైమర్. నాకు ఏ నౌకకూ మూడు విడతలకు తక్కువ పట్టలేదు.

ఒంటి మీది పనితనం

రుద్దుడులో, నౌక ఒంటి మీద పలకలు వేరువేరుగా కనబడడానికి ఉన్న గీతలు సగం చెరిగిపోయి ఉంటాయి. వాటిని తిరిగి గీయాలి. లేబుల్ మిషన్‌లో వాడే గట్టి ప్లాస్టిక్ టేపును గీత పక్కన అతికిస్తే అదే స్కేలుగా పనికొస్తుంది, వంపుల మీద కూడా ఒదుగుతుంది. చేతి డ్రిల్లులో కుట్టుసూది బిగించి బరువు పెట్టకుండా ఐదారుసార్లు లాగండి. ఒక్కసారే నొక్కి గీస్తే సూది దారి తప్పుతుంది. గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు మించనివ్వకండి. మన స్కేలులో అదే 7 సెంటీమీటర్ల సందు, ఏ ఇంజనీరూ అంతకంటే పెద్ద సందు వదలడు.

ఇక నౌకకు కిట్టులో లేని వివరాలు చేర్చడం. పైపులు, పెట్టెలు, జల్లెడలు, ఏం చేస్తాయో ఎవరికీ తెలియని బుడిపెలు. మోడల్ కట్టేవాళ్లు వీటిని గ్రీబ్లీలంటారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాకు నౌకలు కట్టినవాళ్లు యుద్ధ ట్యాంకులు, ఓడలు, కార్ల ప్లాస్టిక్ కిట్లు కొని, వాటి విడి భాగాలు తీసి నౌకల ఒంటినిండా అతికించారు. అప్పటి నుంచి అంతరిక్ష నౌకంటే జనానికి ఆ రూపమే స్థిరపడింది. మీరూ అదే చేయొచ్చు. సగంలో వదిలేసిన ట్యాంకు కిట్టు, పాడైన డీవీడీ ప్లేయర్‌లోని పళ్ల చక్రాలు, అగరుబత్తి పుల్లలు, ఇంజెక్షన్ సూది గొట్టాలు. సూది కొస మాత్రం ఆకురాయితో మొద్దు చేసేయండి.

అతికించేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పైపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోంది? ఇంధనపు ట్యాంకు నుంచి ఇంజన్‌కు పోతే సరే. గాల్లో మొదలై గోడలో ముగిస్తే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా కన్ను నమ్మదు. అన్ని చోట్లా ఒకే దట్టంగా నింపడం కూడా పొరపాటే. ఇంజన్ల దగ్గర, చిన్న నౌకలు వచ్చిపోయే రేవు ద్వారాల దగ్గర గుంపుగా పెట్టి, పక్కనే పెద్ద ఖాళీ పలక వదలండి. ముగ్గు వేసేటప్పుడు చుట్టూ ఖాళీ నేల లేకపోతే ముగ్గు కనబడదు కదా.

రంగు

గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 మిల్లీమీటర్ల సూది, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ, రంగు పాలంత పలుచన. లేకపోతే మంచి స్ప్రే డబ్బాలతోనూ పని గడుస్తుంది. థిన్నర్‌తో పలుచన చేసే లాకర్ రంగులైతే ఎన్95 చాలదు, అది దుమ్మును ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని కాదు. కార్ట్రిజ్ ఉన్న మాస్కు, తెరిచిన కిటికీ తప్పనిసరి. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో, తేమకు లాకర్ పూత తెల్లగా పాలిపోతుంది. వాన తెరిపిచ్చి ఎండ కాసిన మధ్యాహ్నం చూసుకుని వేయండి. పొద్దున్నే గాలిలో చెమ్మ ఎక్కువ.

పచ్చి తెలుపు, పచ్చి నలుపు వాడొద్దు. దూరాన ఉన్న కొండ నీలిబూడిదగా కనబడినట్టు, పెద్ద వస్తువు చిన్న రూపంలో కాస్త వెలిసినట్టుంటేనే పెద్దదనిపిస్తుంది. మూల రంగు లేత బూడిద అనుకుంటే, అందులో కొద్దిగా నీలం కలిపి ఒక రంగు, కొద్దిగా గోధుమ కలిపి ఇంకొకటి తయారుచేసి, టేపుతో పలకలు వేరుచేసుకుంటూ అక్కడొకటి అక్కడొకటి వేయండి. కష్టపడి చూస్తే గానీ తేడా కనబడకూడదు. మొదటి చూపుకే తెలిసిపోతే గళ్ల లుంగీ అయిపోతుంది.

గుర్తులు, అంకెల స్టిక్కర్లు నీళ్లలో నానబెట్టి జార్చే రకమైతే ముందు మెరుపు క్లియర్ కోటు పడాలి. గరుకు మీద వేస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అవి ఆరాక నల్లగోధుమ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో పలుచన చేసి గీతల్లోకి పారించి, అరగంటాగి గుడ్డతో తుడిచేయండి. చివరికి మెరుపు లేని మ్యాట్ కోటు.

పాతబడినట్టు చూపించే మోజులో చాలామంది నౌక ఒంటి మీద తుప్పు చారికలు కిందికి కారినట్టు వేస్తారు. అంతరిక్షంలో వానా లేదు, గాలీ లేదు, తుప్పు ఎక్కడిది? కిందికి కారడానికి కింద అనేదే లేదు. గ్రహాల మీద దిగే బుల్లి నౌకయితే సరే, పొట్ట కింద మట్టి వేసుకోండి. ఎప్పుడూ శూన్యంలోనే తిరిగే నౌకకు ఇంజన్ నోళ్ల చుట్టూ కాలిన మచ్చ, రేవు ద్వారాల అంచున గీకుళ్లు, మరమ్మతుకు మార్చిన నాలుగు కొత్త పలకలు చాలు.

మ్యాట్ కోటు పూర్తిగా ఆరాక, బయటికి వదిలిన ఫైబర్ కొసలను పదునైన కొత్త బ్లేడుతో ఒంటికి సమంగా కోయండి. రంగు అంటిన కొస తెగిపోయి లోపలి శుభ్రమైన మొహం బయటపడుతుంది. ఈ పని దీపాలు వెలిగించుకుని, గది చీకటి చేసుకుని చేయండి. ఒక్కో కోతకు ఒక్కో కిటికీ వెలుగుతుంది. నెలల తరబడి పడ్డ విసుగంతా ఆ అరగంటలో తీరుతుంది.

స్టాండు పీట బరువుగా ఉండాలి, టేకు చెక్కో గ్రానైట్ ముక్కో. నౌకను ఎప్పుడు కదిలించినా పీట పట్టుకోండి, ఒళ్లు పట్టుకోవద్దు. పీట అడుగున ఒక కాగితం అతికించండి: అడాప్టర్ ఎన్ని వోల్టులు, ఏ రంగు వైరు ప్లస్, ఏ వరస ఏ కిటికీలది, రెసిస్టర్ ఎంత. రెండేళ్లకు ఒక వరస ఆరిపోతే గుర్తుండదు. నేను మాత్రం ఒక నౌకకు ఆ కాగితం రాసి, అతికించకుండా ఫోటో తీసుకున్నాను. ఆ ఫోన్ ఇప్పుడు లేదు.